మీడియమా, వెల్‌డన్నా?

మా ముగ్గురిదీ ఇల్లందులో ఒకే బడి, ఆరు నుంచి పది దాకా ఒకే బెంచీ. నేను ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఒక ఆఫీసులో గుమాస్తాను. ఒకామె పెళ్లయి అశ్వారావుపేట వెళ్లి పామాయిల్ తోటలు చూసుకుంటోంది. మూడో ఆమె భద్రాచలం అవతల ఒక హాస్టల్ బడిలో లెక్కల టీచరు. ఆ టీచరుకు ప్రమోషన్ వచ్చింది. సోమవారం హెడ్‌మిస్ట్రెస్‌గా చేరాలి. ఆ రోజే పెద్ద ఆఫీసర్ల ముందు బడి గురించి పది నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాలి. ఆమె ఏం చేసిందంటే, ప్రమోషన్ వద్దని కాగితం రాసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

ఫోన్లో ఈ సంగతి విని నాకు ఒళ్లు మండింది. పిరికితనాన్ని ఎవరిలోనైనా భరిస్తాను గానీ మా బెంచీలో భరించలేను. "ఆదివారం ఖమ్మం రా, మాట్లాడాలె" అన్నాను. పామాయిల్ ఆమెకూ చెప్పాను. "ఎలాగూ వస్తున్నాం కదా, ఆ కొత్త హోటల్లో కాక్‌టెయిల్ తాగి స్టీక్ తిందామే. ఎప్పుడూ ఫోన్లో చూడ్డమేనా?" అంది. ఇళ్లల్లో మాత్రం ఒక స్నేహితురాలికి ఒంట్లో బాగాలేదని చెప్పాం. అది పూర్తిగా అబద్ధమేమీ కాదు.

రాత్రి పార్టీ అన్న మాటే గానీ, బస్సులు దొరకవన్న భయంతో సాయంత్రం ఐదింటికే వెళ్లి కూర్చున్నాం. హాలంతా ఖాళీ. మా వయసు సర్వరు ఒకాయన మెడకు బో టై కట్టుకుని వచ్చాడు. పామాయిల్ ఆమె మెనూ కార్డు చదివి, గొంతైనా తగ్గించకుండా, "ముగ్గురు పిల్లల తల్లిని, నాకు వర్జిన్ అని రాసింది ఇస్తారా?" అని అడిగింది. అందులో మందు ఉండదని ఆయన చెప్పగానే, "అయితే వద్దు, మందు ఉన్నదే తెండి" అంది. వచ్చిన దాన్ని తాగితే, పుదీనా పచ్చడి కడిగిన నీళ్లకు కోపం వచ్చినట్టుంది. టీచరు మాత్రం గ్లాసు ముట్టలేదు. బ్యాగు జిప్పు తీస్తూ వేస్తూ కూర్చుంది.

స్టీక్ ఆర్డరు రాసుకుంటూ సర్వరు నేరుగా ఆమెనే అడిగాడు. "మేడమ్, మీడియమా?"

ఆమె మొహం చిన్నబోయింది. దొంగతనం చేసి దొరికినదానిలా లేచి నిలబడి, "తెలుగు మీడియం" అంది. "డిగ్రీ దాకా."

నాకు నవ్వు ఆగలేదు. పామాయిల్ ఆమెకైతే పుదీనా ముక్కులోకి పోయింది. నవ్వనిది సర్వరు ఒక్కడే.

"నాది గూడ తెలుగు మీడియమే మేడమ్. గీ పేర్లన్ని మూడు దినాలు బట్టీ పట్టిన. మీడియం అంటే ముక్క సగం ఉడికినట్టు, వెల్‌డన్ అంటే మంచిగ ఉడికినట్టు. మొదటి దినం ఒక సారు వెల్‌డన్ అన్నడు. నన్నే మెచ్చుకుంటుండని థాంక్యూ చెప్పి లోపలికి పోయిన" అన్నాడు.

అప్పుడు నవ్వింది మా టీచరు. "వెల్‌డనే తీసుకరా అన్నా" అని కూర్చుంది.

పొగలు కక్కే ఇనప పళ్లెంలో అరచేయంత మటన్ ముక్క వచ్చింది. పులుసు లేదు, ఉల్లిగడ్డ లేదు. పామాయిల్ ఆమె కత్తితో కోయబోతే ముక్క ఎగిరి నా ఒళ్లో పడింది. చివరికి సర్వరే పళ్లేలన్నీ లోపలికి పట్టుకెళ్లి, చిన్న ముక్కలు కొట్టించి, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ వేసి వేయించి తెచ్చాడు. చేత్తో తిన్నాం. అంత మంచి స్టీక్ ఎక్కడా ఉండదని ఇప్పటికీ నా నమ్మకం.

తింటూ నేను అసలు సంగతి ఎత్తాను. "ఆరో తరగతిల బడికి వచ్చిననాడు నీకు తెలుగే రాదు కదనే. మీ ఇంట్ల కోయ మాట. కూర్చో అంటే నిలబడ్డవ్. ఏడాది తిరగకముందే మా ఇద్దరికి నువ్వే పద్యాలు అప్పజెప్పించినవ్. గప్పుడు లేని భయం ఇప్పుడేంది?"

ఆమె నిదానంగా నమిలి మింగింది. "గప్పుడు చిన్నపిల్లని. ఎవరన్న నవ్వుతే ఏడ్చి, మల్ల మాట్లాడేదాన్ని. ఇప్పుడు యాడికి పోయి ఏడ్వాలె? ఇందాక మీరిద్దరు గూడ నవ్విన్రు గద."

నాకు నిజంగా సిగ్గేసింది.

బస్టాండులో భద్రాచలం బస్సు ఎక్కేముందు బ్యాగులోంచి ఆ కాగితం తీసింది. చింపేస్తుందేమోనని ఇద్దరం చూశాం. వేళ్లకంటిన నూనె దానికి తుడుచుకుని, మడిచి మళ్లీ లోపల పెట్టుకుంది. బస్సు వెళ్లిపోయింది.

సోమవారం మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఆమె ఫోన్ వచ్చింది.

"కాగితం ఇచ్చినవా?" అన్నాను.

"ఇయ్యలే. దాని ఎనక, నూనె అంటని దిక్కు, ఇంగ్లీషుల రాసుకొని పోయిన. ముందుగాల్ల నేను తెలుగు మీడియం అని ఇంగ్లీషులనే చెప్పిన. రెండుసార్లు ఆగిన, మల్ల అందుకున్న. ఒక్కలు గూడ నవ్వలే. అయిపోయినంక పెద్దసారు ఏమన్నడో తెలుసా?"

"ఏమన్నడే?"

"వెల్‌డన్ అన్నడు." అటువైపు నవ్వు ఆపుకోలేక ఆమె గొంతు వణుకుతోంది. "అంటే నేను మంచిగ ఉడికినట్టే కదనే!"