ఏడు ఒకట్లు, పదకొండు ఒకట్లు

మా లెక్కల మాస్టారు పోయారు. మిరపకాయల బండితో గుంటూరు వచ్చిన మా అన్నయ్య గుమ్మంలో నిలబడే చెప్పాడు. "పొద్దున్నే లెక్క చేసుకుంటా కూర్చున్నారంట. కూర్చున్నట్టే పోయారంట." ఏడుపొచ్చింది. ఆ వెంటనే అది ఏ లెక్కో తెలుసుకోవాలనిపించింది. ఆయన దగ్గర చదువుకున్నదాన్ని మరి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, పెదకాకాని దగ్గర మా ఊరి బళ్ళో నేను నాలుగో ఫారం, అంటే తొమ్మిదో తరగతి. మాస్టారు నల్లబల్లను కండువాతోనే తుడిచేవారు. సాయంత్రానికి భుజమంతా సుద్దే. ఒకరోజు బల్ల మీద వరసగా ఒకట్లు రాశారు. "నూటపదకొండు మూడుకు లొంగింది. ఐదు ఒకట్లు నలభై ఒకటికి లొంగాయి. ఈ ఏడు ఒకట్లు మాత్రం దేనికీ లొంగవు. ప్రధాన సంఖ్య. మా గురువుగారు చెప్పారు," అన్నారు.

దేనికీ లొంగని పదకొండు లక్షల చిల్లర ఎలా ఉంటుందో చూడాలనిపించింది. ఆ ఎండాకాలం కల్లంలో మిరపకాయలకు కాపలా ఉంటూ, రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ, మధ్యమధ్య పుల్లతో మట్టిలో భాగహారాలు చేశాను. ఏడుతో, పదమూడుతో, పదిహేడుతో... ప్రతిసారీ ఎంతో కొంత మిగిలేది. రెండువందల ముప్ఫై తొమ్మిది దగ్గర ఏమీ మిగల్లేదు. చెరిపి మూడుసార్లు చేశాను. అమ్మతో చెబితే, "పంతులుగారికి తెలీంది నీకు తెలిసిందా? బళ్ళో ఈ మాటెత్తావో, బడి మానిపిస్తా," అంది. అన్నంత పనీ చేసే మనిషి.

అయినా ఉండబట్టలేక చెప్పేశాను, అమ్మ బెదిరింపుతో సహా. మాస్టారు బల్ల మీద తానే చేశారు. చివర సున్నా వచ్చింది. "గురువుగారు చెప్పారు కదా అని ముప్ఫై ఏళ్ళు... తాలు ఏరకుండా బస్తా కుట్టేశానమ్మా," అన్నారు.

ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చారు. "మీ అమ్మాయి నా తప్పు దిద్దిందమ్మా. బడి మానిపించకండి," అని మజ్జిగ తాగి వెళ్ళారు. నేనివాళ గుంటూరులో పిల్లలకు లెక్కలు చెబుతున్నానంటే ఆ మజ్జిగ గ్లాసు చలవే. అప్పట్నుంచీ క్లాసులో ఆయనదొకటే మాట: "నేను చెప్పానని నమ్మకండి, చేసి చూడండి."

రిటైరయ్యాక పదకొండు ఒకట్లు పట్టుకున్నారు. రెండుతో మొదలుపెట్టి, రోజుకొక ప్రధాన సంఖ్యతో భాగించేవారు. ఒక్కదానితోనే. తొందరపెడితే, "అదెక్కడికి పోతుందమ్మా," అనేవారు.

పన్నెండోరోజుకు వెళ్ళాను. మాస్టారి భార్య ఆయన నోటుపుస్తకం నా చేతికిచ్చారు. "దీన్నేం చెయ్యాలో నాకు తెలీదమ్మా." సరిగ్గా వెయ్యి లెక్కలున్నాయి. ఏ ఒక్కదానికీ లొంగలేదు. వాటి కింద 7927 అని రాసి, పక్కన పదకొండు ఒకట్లు వేసి, గీత గీసి ఉంది. అంతే.

ఆయన కూర్చునే అరుగు మీదే కూర్చుని చేశాను. 1678 మిగిలింది. "లొంగలేదు మాస్టారూ," అన్నాను పైకే. తర్వాత దాని కింద, రేపటికని, 7933 రాసి గీత గీశాను.