కింది ఇంటి అవ్వ పూసల గిన్నెలు

మా కింది అపార్ట్‌మెంట్‌లో ఉండే అవ్వ పోయిన మంగళవారం చనిపోయింది. వాళ్ళబ్బాయి ఫోన్ చేసినప్పుడు నేను శాంటా క్లారాలో, ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నాను. రెండుసార్లు కట్ చేశాను. మూడోసారి బయటికొచ్చి ఎత్తితే, "అమ్మ పొద్దున లేవలేదు" అన్నాడు. పార్కింగ్ లాట్‌లో రెండు కార్ల మధ్య కూలబడి ఏడ్చాను.

అవ్వ మావాళ్ళ మనిషి కాదు. మెక్సికో కొండల్లోని హుయిచోల్ తెగ ఆవిడ. కొడుకుతో పాటు కాలిఫోర్నియాలోని మా సన్నీవేల్ వచ్చింది. మా కడప వైపు పెద్దావిడని అవ్వా అంటామని చెబితే, "అయితే అలాగే పిలువు, మిహా" అంది. మిహా అంటే అమ్మాయీ అని. నా స్పానిష్ అంతంతమాత్రం, ఆవిడ ఇంగ్లీష్ అంతకంటే తక్కువ. అయినా ఆరేళ్ళలో మాటలకి ఎప్పుడూ లోటు రాలేదు.

అవ్వ ఎండిన సొరబుర్రని గిన్నెలా సగానికి కోసి, లోపల తేనెమైనం పూసి, సూది మొనతో ఆవగింజంత పూసల్ని ఒక్కొక్కటే ఎత్తి అద్దేది. జింకలు, మొక్కజొన్న కంకులు, వాన. మొదటిసారి చూసి, "ఇందులో ఏం పెట్టుకుంటారు?" అని అడిగాను.

"మొక్కులు. దేవుళ్ళు దీంట్లోంచే తాగుతారు" అంది, మంచినీళ్ళు తాగుతారన్నంత మామూలుగా.

నాకు లేఆఫ్ అయినప్పుడు, ఇంకో ఉద్యోగం దొరక్కపోతే వీసాకి అరవై రోజులే గడువు. ఫోన్‌లో క్యాలెండర్ చూసుకుంటూ పిచ్చిదాన్నయ్యాను. అవ్వ ఆ ఫోన్ లాక్కుని చేతిలో సూది పెట్టింది. "రోజులు చూడకు. ఈ వరస పూర్తి చెయ్యి." ఉద్యోగం దొరికేదాకా ఆవిడ పక్కనే కూర్చుని పూసలు అద్దాను.

పోయినేడు అవ్వ చూపు మసకబారింది. నీలం జింక కాలికి ఆకుపచ్చ పూసలు పెట్టేసింది. ఆవిడ కాఫీ పెట్టడానికి లోపలికెళ్ళినప్పుడు అవి తీసేసి నీలం అద్దాను. తిరిగొచ్చి బొటనవేలితో తడిమి, వరస తేడా తెలిసి ఆగిపోయింది.

"ఎవరు తీశారు?"

"రంగు తప్పిందవ్వా, అందుకని..."

"తప్పితే నాతో చెప్పాలి. నా చేతిపని నాకు తెలీకుండా దిద్దుతావా? నేను అప్పుడే పోయాననుకున్నావా?"

నాలుగు రోజులు తలుపు తియ్యలేదు. అయిదో రోజు మోకాళ్ళు పట్టుకుంటూ మా మెట్లన్నీ తనే ఎక్కొచ్చింది, చంకలో కొత్త సొరబుర్రతో. "రంగు నువ్వు చెప్పు. పెట్టేది నేను" అంది. అప్పట్నుంచీ ప్రతి శనివారం సూది మొన మీద పూస ఎత్తి చూపించేది. నేను రంగు చెప్పేదాన్ని. అంతే మా పని. అంత హాయిగా నేను ఇంకెక్కడా కూర్చోలేదు.

ఈమధ్య ప్రాజెక్ట్ రిలీజ్ అని శనివారాలు కూడా ఆఫీసే. "వచ్చే వారం తప్పకుండా వస్తానవ్వా" అని మెట్ల దగ్గర్నుంచే అరిచి వెళ్ళిపోయాను. వరుసగా మూడు వారాలు. చివరి శనివారం ఏం చేసిందని వాళ్ళబ్బాయిని అడక్కుండా ఉండాల్సింది.

"పూసలు ముందు పెట్టుకుని కూర్చుంది. భోజనానికి రమ్మంటే, పై అమ్మాయి వస్తుంది, ఆగు అంది."

నిన్న అతను గిన్నెలన్నీ దుప్పట్లలో చుట్టుకుని, అమ్మని వాళ్ళ కొండలకి తీసుకెళ్ళాడు. ఇవాళ పొద్దున ఆ ఇల్లు క్లీన్ చెయ్యడానికి మనుషులొచ్చారు. తలుపు బార్లా తీసుంది. ఖాళీ గదిలో ఒకతను వ్యాక్యూమ్ నడుపుతున్నాడు. అవ్వ కూర్చునే కిటికీ దగ్గర కార్పెట్ మీదికి రాగానే పైపులోంచి చిటపటా చిటపటా పూసలు లోపలికి పోతున్న చప్పుడు. గుమ్మం పట్టుకుని, ఆ చప్పుడు పూర్తిగా అయిపోయేదాకా విన్నాను.