మామ తాళం తప్పించిన వైనం

నేను ఇంట్లో గిటారు రికార్డు చెయ్యడం మొదలుపెట్టినందువల్ల తొండూరు పక్క ఊరి చెక్కభజన బృందం మొత్తం కాళ్లు తొక్కుకుని కుప్పకూలిందంటే మీరు నమ్మరు. నమ్మకపోతే మంచిదే, నా పరువు కొంచెమైనా మిగులుతుంది. కానీ మా సుజాత ఈ కథను ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెబుతోంది కాబట్టి, ఆమె నోట వినేకన్నా నా నోట వినడమే మీకూ నాకూ క్షేమం.

అప్పట్లో నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. ఈ ముక్క దయచేసి గుర్తుపెట్టుకోకండి. గిటారు అంతంతమాత్రంగా వచ్చు, కోరికలకు మాత్రం హద్దు లేదు. గిటారును కంప్యూటరుకు కలిపే చిన్న పెట్టె ఒకటి తెప్పించాను, ఒక మైకు కొన్నాను, ఎలా రికార్డు చెయ్యాలో చెప్పే వీడియో కూడా చూశాను. చూశానంటే, మొదటి సగం సోది అని దాటేసి రెండో సగం చూశాను. ఏం చెయ్యకూడదో చెప్పింది మొదటి సగంలోనట.

ముందు గిటారు రికార్డు చేశాను. వింటే ఏదో వెలితి. దానికి డోలక్ తోడైతే అదిరిపోతుందనిపించింది. డోలక్ అంటే మా ఓబులేసు మామే. అమ్మకు తమ్ముడు, సుజాతకు నాయన, అంటే నాకు పిల్లనిచ్చిన మామ కూడా. తొండూరు పక్కనున్న ఆయన ఊళ్లో మేకలు, గొర్రెలు, కొంత శనగ చేను ఉన్నాయి. అవన్నీ పొట్టకోసం. ప్రాణం మాత్రం డోలక్. చెక్కభజనలో ఆయన దెబ్బ పడితేనే పదిమంది అడుగు పడుతుంది. ఊళ్లో ఆయనకున్న గౌరవమంతా ఆ దెబ్బలోనే ఉంది.

కబురు పెట్టగానే డోలక్ చంకన పెట్టుకుని వచ్చాడు. పెద్దాయనకు వైరున్న పాత హెడ్‌ఫోన్లు ఇవ్వడం మర్యాద కాదని, నేను ముద్దుగా దాచుకున్న వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు తీసి ఆయన చెవుల్లో పెట్టాను.

“ఇనపడతాందా మామా?”

“శానా బాగ ఇనపడతాంది. చెవిలో కూసోని వాయిస్తాండావు.”

గిటారు వింటూ ఆయన వాయించాడు, నేను రికార్డు చేశాను. తిరిగి వేసి వింటే, డోలక్ దెబ్బ ప్రతిసారీ మందలో కుంటిమేకలాగా గిటారు వెనకాలే వస్తోంది.

“మామా, నువ్వు వెనకబడతాండావు.”

“నేనా?”

“నువ్వే. కంప్యూటరు అబద్ధం చెప్పదు గదా.”

ఆడలేక మద్దెల ఓడన్నారని సామెత. నేను ఇంకో మెట్టెక్కి, మద్దెల బాగానే ఉంది, కొట్టేవాడే ఓడన్నాను. మామ మళ్లీ కొట్టాడు, మళ్లీ వెనకబడింది. ఇక నాలోని అయ్యవారు లేచాడు.

“పాట ఇనపడకముందే కొట్టు మామా.”

“ఇనపడకముందే ఎట్ల కొడతారప్పా? యాడ పడతాదో నాకెట్ల తెలుస్తాది?”

“మనసుతో పట్టాల. పెద్దపెద్ద స్టూడియోల్లో అంతా అట్లనే చేస్తారు.”

పెద్ద స్టూడియో నేను బయటినుంచి కూడా చూడలేదు. అయినా పాపం, అల్లుడు చదువుకున్నవాడని ఆయన నమ్మాడు. వారమంతా మా ఇంట్లోనే ఉండి, చెవికి అందకముందే చెయ్యి వెయ్యడం సాధన చేశాడు. చివరికి కుదిరింది. “ఇప్పుడొచ్చింది మామా తాళం” అని నేను ఆయన వీపు తట్టాను. తలుచుకుంటే ఇప్పటికీ ఆ చేతిని ఎక్కడ దాచుకోవాలో తెలియదు.

అక్కడినుంచి ఆయన నేరుగా బ్రహ్మంగారిమఠంలో తన బృందం భజనకు పోయాడు. నేనూ వెంట పోయాను, నా శిష్యుణ్ణి చూసి మురిసిపోదామని. పాట మొదలైంది. మామ దెబ్బ పాటకన్నా ముందు పడింది. డోలక్‌ను నమ్ముకున్నవాళ్లు కాలు ముందే ఎత్తారు, పాటను నమ్ముకున్నవాళ్లు అప్పుడే దించారు. ఒకరి కాలు ఒకరు తొక్కి, ఒకరి చెక్కలు ఇంకొకరి మోచేతికి తగిలి, గుండ్రంగా తిరగాల్సిన వరుస కాస్తా ఒకచోట కుప్పయింది. చూస్తున్న ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

భజన గురువు పాట ఆపి అడిగాడు. “ఏందిరా ఓబులేసూ, ఏమైంది నీకు?”

మామ పట్టీ విప్పి డోలక్‌ను పక్కవాడి చేతుల్లో పెట్టాడు. “నా చెవులు పోయినట్టుండాయి గురువా. ఇంగ నా వల్ల కాదు.”

నేనేం చేశాననుకున్నారు? పక్కన నిలబడి “వయసు గదా” అన్నాను. అంతటితో ఊరుకోకుండా మరుసటిరోజే ప్రొద్దుటూరులో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. డాక్టరు అన్నీ చూసి, చెవులు కుర్రాళ్ల చెవుల్లా ఉన్నాయన్నాడు. సంతోషించాల్సిన మామ మొహం ఇంకా వాడిపోయింది.

“చెవులు బాగుంటే ఇంగ పోయింది తాళమే గదరా” అని, మా ఇంటికి కూడా రాకుండా బస్సెక్కి ఊరికి పోయాడు.

కొన్నాళ్లకు సుజాత ఆ ఇయర్‌ఫోన్లే పెట్టుకుని కంప్యూటర్లో వంట వీడియో చూస్తోంది. చూస్తూ చూస్తూ నన్ను పిలిచింది.

“బావా, ఇదేంది? కత్తి పడినాక టక్ మంటాంది.”

నేను పెట్టుకుని చూశాను. ఉల్లిగడ్డ తెగుతోంది, తెగిన తర్వాత శబ్దం వస్తోంది. వైరున్న హెడ్‌ఫోన్లు పెట్టి చూశాను. కత్తీ శబ్దమూ ఒక్కసారే. గాల్లో వచ్చే పాట చెవికి ఆలస్యంగా చేరుతోందన్నమాట. మామ విన్నదానికి సరిగ్గానే కొట్టాడు. ఆయనకు ఆలస్యంగా వినిపించింది నేను.

నా మొహం చూసి సుజాతకు అర్థమైంది. “మా నాయన చెవుల్లో పెట్టింది ఇవే గదా?”

నేను తలూపాను. ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది.

“పొద్దున్నే మొదటి బస్సుకు పో. అన్నం ఆడ్నే తిను, మా నాయన పెడితే.”

పోయాను. మామ దొడ్లో మేకలకు నీళ్లు పోస్తున్నాడు. తలవంచుకుని అంతా చెప్పాను. “నీ చెవులూ బాగుండాయి, నీ తాళమూ బాగుంది. తప్పంతా నాదే మామా. ఊర్లో అందరి ముందర నేనే చెప్తా” అన్నాను.

మామ బిందె కింద పెట్టాడు. గబుక్కున నా నోరు మూశాడు.

“యాడా అనొద్దురా నాయనా. చెవులు పోయినాయంటే అందురూ అయ్యో పాపమన్నారు. అల్లుని మాటిని తాళం చెడగొట్టుకున్న్యానంటే, పులివెందుల దాకా నవ్వుతారు. డాక్టరు చెవుల్లో మందేసినాడు, బాగైనాయి. నేనట్లే చెప్పి డోలక్ తెచ్చుకుంటా. ఎవురడిగినా నువ్వు గూడా అదే చెప్పాల.”

చెప్పాను. లేని మందుకు పేరు కూడా పెట్టాను, ఊళ్లో ముగ్గురు రాసుకున్నారు. సుజాత చేత మాత్రం మామ ఏ మాటా తీసుకోలేదు.

కాబట్టి పెద్దలారా, బ్రహ్మంగారి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట నా రికార్డింగులో ఏ దెబ్బ తప్పినా ముందు కంప్యూటరును తిడతాను, తర్వాత వైర్లను తిడతాను, ఆ తర్వాత నన్ను నేను తిట్టుకుంటాను. అప్పటికీ కుదరకపోతే గిటారు అమ్మేసి మేకలు కొనుక్కుంటాను గానీ, మామకు మాత్రం తాళం నేర్పను.