పేపరుకు పదికి ఎన్ని?

సర్వేకు తిరిగే అశ్విని ఏ ఇంటికెళ్లినా గడపకు ఇవతలే కూర్చుంటుంది. జవాబు వచ్చేదాకా ముఖంలో ఏ భావమూ కనపడనీయదు. "తెలియదు" అనే జవాబు ఇంకొక్కటి వచ్చినా పని పోతుందని ఆఫీసువాళ్లు హెచ్చరించారు. కనకమామిడి ఊళ్లో చదువురాని ముసలామె ముత్తమ్మను అడిగింది. "అవ్వా, పేపర్ల వార్తలు ఎంత నమ్ముతవ్? పదికి ఎన్ని మార్కులేస్తవ్?"

"చదివి చెప్పేటోళ్లు ఎవరు బిడ్డా? మా కొడుకు కొమురయ్య చదివితే పది. సర్పంచ్ చదివితే రెండే. నచ్చనిది మింగుతడు."

ట్యాబులో ఒక్క అంకెకే చోటుంది. పదికీ రెండుకీ నడుమనున్న ఆరు మీదికి పోయిన వేలు ఆగింది. ఆ అంకె ముత్తమ్మ చెప్పలేదు. అశ్విని "తెలియదు" నొక్కి, సంచిలోంచి నోటుబుక్కు తీసి ఆమె మాటలన్నీ రాసుకుంది.

"నేను చదివితే ఎన్నేస్తవ్ అవ్వా?"

"ముందుగాల ఇప్పుడు రాసింది చదువు. ఇని చెప్త."