సుగుణక్క చెయ్యి, నా దురద

దయ్యాలూ భూతాలూ నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. మా నాయన రైల్వే గేటు దగ్గర పనిచేసేటోడు. రైలు కింద పడ్డోళ్లను చిన్నప్పుడే చూసిన. ఆ పట్టాల పక్కనుంచే మసక చీకట్ల నీళ్లు మోసిన. ఎన్నడూ ఏదీ కనబడలేదు. అందుకే ఈ సంగతి చానా ఏండ్లు ఎవరికీ చెప్పలేదు.

ఎనభైల మొదట్లో మాట. కాజీపేటలో అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. మా అత్తమ్మ, మా బావ, ఆయన భార్య సుగుణక్క, నా భర్త, నేను.

సుగుణక్కంటే నాకు కుళ్లు. దాచుడెందుకు. చాకిరంతా నాది, పేరంతా ఆమెది. ఆమె చేత్తో వడ్డిస్తేనే అత్తమ్మకు ముద్ద దిగేది. ఆ చేతులు నున్నగా, పచ్చగా ఉండేవి. గాజులమ్మే ఆమె గూడ ఆ చేతులనే మెచ్చుకునేది. నావి బట్టలుతికి మొద్దుబారినయి. ఆ చేతులకేమన్న అయితే బాగుండునని ఒకసారి మనసులో అనుకున్న గూడ.

ఆమెకు కీళ్ల నొప్పులు. మందుల షాపాయన ఇచ్చిన తెల్ల గోలీలు మూడేండ్ల నుంచి మింగుతుండేది. మింగితే నొప్పి పోయేది. అందుకని ఎవరం వద్దనలేదు.

ఆ ఎండాకాలం ఇంట్లో అందరికీ గజ్జి అంటుకుంది. దవాఖానల ఇచ్చిన మందు ఒళ్లంతా పూసుకున్నం, బట్టలు ఉడకబెట్టినం. మాకందరికీ తగ్గింది. సుగుణక్కకు తగ్గలేదు. రెండు చేతులూ చెట్టు బెరడులెక్క పెచ్చులు కట్టినయి. మాలెక్క ఆమెకు దురద గూడ పెద్దగా లేదు.

వరంగల్ దవాఖానల డాక్టరమ్మ పెచ్చు గీకి మైక్రోస్కోపు కింద చూసింది. “మీకు పదో పదిహేనో పురుగులుంటే ఈమెకు వేలల్ల ఉన్నయి. ఆ గోలీలు ఒంట్ల తట్టుకునే శక్తిని చంపినయి” అన్నది. గోలీలు మెల్లమెల్లగ తగ్గించింది. చేతులకు మందు రాసే పని నా మీద పడ్డది. అత్తమ్మ చెప్పింది కాబట్టి రాసిన.

రెండు నెలలకు పెచ్చులు రాలి కొత్త తోలు వచ్చింది. అత్తమ్మ ఆ చేతులు పట్టుకొని కండ్లకద్దుకున్నది. నాకు మళ్లీ కడుపు మండింది.

ఆ వారమే నాకు దురద మొదలైంది. ఎడమ చెయ్యి మీద, బొటనవేలు కింద, చింతగింజంత జాగ. పొక్కు లేదు, మచ్చ లేదు. డాక్టరమ్మ భూతద్దం పెట్టి చూసి ఏం లేదన్నది. అత్తమ్మ మాత్రం, “నీ కండ్లమంట చేతికి దిగింది” అన్నది.

కొన్ని రోజులకు సుగుణక్క ఎడమ చేతికి గుడ్డ చుట్టుకున్నది. కత్తిపీటకు తెగిందని చెప్పింది. నా దురద అంతకు ముందటిదే, అది నాకు బాగా గుర్తు.

ఒకనాడు ఇద్దరం బియ్యం ఏరుతున్నం. నేను గీరుకుంటుంటే ఆమె చూసింది.

“ఎక్కడ్నే?”

“ఇదిగో, ఈడ్నే అక్కా.”

ఆమె మొఖం పాలిపోయింది. మెల్లగ గుడ్డ విప్పింది. సరిగ్గా అదే జాగల పుండు, అంచులు గట్టిపడి ఉన్నయి. “పెచ్చు రాలుతాంది, మళ్ల కడ్తాంది. అత్తమ్మ సంబురం జూసి చెప్పలే” అన్నది.

దవాఖానకు పోవాల్సిందేనని నేనే పట్టుబట్టిన. ప్రేమతోని కాదు. నాది కండ్లమంట కాదని అత్తమ్మకు తెల్వాలని.

ముక్క తీసి పరీక్షకు పంపిండ్రు. చర్మం క్యాన్సరని తేలింది. గజ్జితోనే వచ్చిందా అని అడిగిన. “అట్లని చెప్పలేనమ్మా. శక్తి లేని ఒంట్ల, చానా రోజులు వాచి పుండైన తోలు మీద ఇసొంటిది పుట్టొచ్చు. తొందరగ తెచ్చిండ్రు, అది మంచిదైంది” అన్నది డాక్టరమ్మ.

ఆపరేషన్ నాడు నేను ఇంట్లోనే ఉన్న. పప్పు కడుగుతుంటే దురద టక్కున ఆగింది, ఎవరో చేత్తో తీసేసినట్టు. గోడ గడియారం చూసిన. పదకొండు దాటి పది నిమిషాలు. పుండు కోసి తీసేసింది గూడ సుమారు అప్పుడేనని నా భర్త సాయంత్రం వచ్చి చెప్పిండు.

దురద పోయినందుకు సంతోషపడాలె. ఏదో పోగొట్టుకున్నట్టు కూసున్న.

తొడ మీది తోలు తీసి ఆమె చేతికి వేసిండ్రు. అతుకు కనబడేది. తర్వాత ఇరవై ఏండ్లు బతికింది. ఏడాదికోసారి దవాఖానల చెయ్యి చూపించుకునేటందుకు పోయే ముందు నా దగ్గరికి వచ్చేది. బావను అడగకపోయేది, అత్తమ్మను అడగకపోయేది.

“నీకేమన్న ఉన్నదా?” అని నన్నే అడిగేది.

“ఏం లేదక్కా” అంటేనే బస్సెక్కేది.

ఆ దురద ఏమిటో, నాకే ఎందుకొచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేదు. నాకూ తెల్వదు.