ఉమ్మడి ట్రేలోని సెల్లులు

ఇరుకులోనూ చీకటిలోనూ పని చేసేవారిని కాపాడే దేవునికి ముందుగా స్తోత్రం. నా ఉద్యోగకాలమంతటా నా కింద పనిచేసిన ప్రతి మనిషినీ క్షేమంగా ఇంటికి చేర్చింది ఆయన కృపే. నా జాగ్రత్త కాదని ఈ సంగతి చదివితే మీకే తెలుస్తుంది.

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, వానాకాలం మొదట్లో, మా లిఫ్టుల మరమ్మతు కంపెనీ నన్ను నారాయణగూడ సర్వీసు సెంటర్‌కు సూపర్‌వైజర్‌గా వేసింది. చిక్కడపల్లి, అశోక్‌నగర్‌లలోని అపార్ట్‌మెంట్లు, హాస్టళ్ల లిఫ్టులు మా బాధ్యత. నా కింద ఆరుగురు మెకానిక్‌లు. లిఫ్టు దారి అడుగున ఉండే గోతిని పిట్ అంటాం. పట్టపగలు కూడా అక్కడ చీకటే. రెండు చేతులూ పనిలో ఉంటాయి కాబట్టి మెకానిక్ టార్చిని పళ్ల మధ్య పట్టుకుంటాడు. అలా చేయమని ఎవరూ చెప్పరు, అందరూ చేస్తారు.

మా టార్చిలో చార్జింగ్ లిథియం సెల్లులు రెండు, ఒకదాని వెనక ఒకటి పడతాయి. నేను వెళ్లేనాటికి ఎవరి సెల్లులు వారివే. ఒకరి టార్చి ఆరిపోతే ఇంకొకరు ఇచ్చేవారు కారు. తొలి క్రైస్తవ విశ్వాసులకు సమస్తం ఉమ్మడిగా ఉండేదని చర్చి ఆదివారబడిలో పిల్లలకు చెప్పేవాణ్ణి. ఈ పిసినారితనం నాకు నచ్చలేదు. సెల్లులన్నీ ఒకే ట్రేలో వేయించి, కావలసినవి తీసుకోమన్నాను. సీనియర్ మెకానిక్ యాదగిరి ఒక్కడే ఒప్పుకోలేదు.

"సార్, నా జత నాకుండనియ్యుండ్రి. ఎవరెట్ల వాడిన్రో ఏం ఎరుక?"

"సెల్లుకు కూడా కులం ఉందా యాదగిరీ?" అన్నాను. అందరూ నవ్వారు. యాదగిరి తన జత కూడా తెచ్చి ట్రేలో వేశాడు.

వారం తిరగలేదు. ఒక ఉదయం మెకానిక్‌లు బయలుదేరాక ట్రేలో మిగిలిన సెల్లులను మల్టీమీటర్‌తో చూశాను. ఒకటి నాలుగు వోల్టుల పైన, పక్కది మూడుకు కింద. స్టోరు చూసే రమణిని అడిగాను.

"చార్జర్ల జాగ లేకుండె సార్. నిన్న డిమ్ముగైనయి గూడ ట్రేలనే ఏసిన. మీరే గద అన్ని ఒక్కదగ్గర పెట్టమన్నరు?"

నిండు సెల్లునూ ఖాళీ సెల్లునూ ఒకే వరుసలో పెడితే ఖాళీది ముందే అయిపోతుంది. నిండుది మాత్రం దాని గుండా కరెంటు తోస్తూనే ఉంటుంది. ఖాళీది వేడెక్కి, లోపల వాయువు పుట్టి, గట్టిగా బిగించిన టార్చి పేలవచ్చు. ఇది నాకు తెలుసు. తెలిసీ ట్రే పెట్టాను.

ఐదుగురు ఫోన్ ఎత్తారు. టార్చిలు ఆపి బయట పెట్టమన్నాను. యాదగిరి ఫోన్ కలవలేదు. అతడు అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్ పిట్‌లో ఉన్నాడు. అక్కడ సిగ్నల్ అందదు. స్కూటర్ తీశాను. చిక్కడపల్లిలో సిటీ బస్సు అడ్డం తిరిగి ఆగింది. నడిచి వెళ్దామని దిగాను, మళ్లీ ఎక్కాను. ప్రార్థన మొదలుపెడితే సగంలో ఆగిపోయేది. ఎవరో వెనకనుంచి, "అన్నా, జర జరుగు!" అని అరిచేదాకా దారి తెరుచుకున్నదని కూడా గమనించలేదు.

హాస్టల్లో కింది అంతస్తు లిఫ్టు తలుపు తెరిచి ఉంది. లోపల, పిట్‌లో, యాదగిరి నోట్లో టార్చి వెలుగుతోంది.

"యాదగిరీ, టార్చి తియ్యి! పైకి విసిరెయ్!"

టార్చిని పళ్ల మధ్యే ఉంచుకుని, ఇంకా ఒక్క బోల్టు ఉందన్నట్టు వేలు చూపించాడు. మళ్లీ అరిచాను. చేత్తో తీయగానే ఉలిక్కిపడి, "అబ్బో, గరం గరమున్నది సార్!" అంటూ పైకి విసిరాడు. నేను దాన్ని బూటుకాలితో ఆవరణలోకి తన్ని, అక్కడున్న విద్యార్థులను వెనక్కి తోశాను. బుస్సుమని తెల్లటి పొగ. ఆ వెంటనే వెనక మూత ఎగిరి గోడకు తగిలింది.

యాదగిరి బయటికొచ్చి కందిన పెదవి తడుముకున్నాడు. "ఇంక జరసేపైతే నా పళ్లు గూడ మీ ట్రేలనే ఏస్కునేటోళ్లు సార్."

మర్నాడు అందరి ముందూ తప్పు నాదేనని చెప్పి, నివేదికలోనూ అలాగే రాశాను. ఆనాటి నుంచి రెండు సెల్లులను ఒకేసారి కొని, ఒకే నంబరు వేసి, కలిపే చార్జి చేసి, కలిపే వాడాం. ఒకటి పాడైతే రెండూ తీసేశాం. టార్చిలో వేసే ముందు రెండింటి వోల్టేజీ సమానంగా ఉందో లేదో చూసేవాళ్లం. పైతొడుగు చిరిగినదాన్ని వాడలేదు. సైజు సరిపోయిందని, టార్చి మీద రాసిన రకం కానిదాన్ని వెయ్యలేదు. నోటికి బదులు తలకు కట్టుకునే దీపాలు తెప్పించాను.

పంచుకోవడం మంచిదే. ఏది పంచుకోవచ్చో ఆ వస్తువును నోట కరుచుకుని పనిచేసేవాడు చెబుతుంటే నేను వినలేదు. నేర్చుకున్నది ఇంతే. ఈ గడియలో ఏ పిట్‌లోనో ఉన్న మెకానిక్‌ను కాపాడమని, అతని మాట వినే చెవి పైవాళ్లకు ఇమ్మని, ఇది చదువుతున్న మీరు నాతో ఏకీభవించి ప్రార్థించండి. ఆమేన్.