మేడమ్ గీసిన మా నాన్న గుర్రం

సింగపూర్‌లోని టోవా పాయోలో, పటాలు కట్టే దుకాణంలో నేను పనికి కుదిరిన రెండో ఏడు ఆమె వచ్చింది. ఆ రోజు పొద్దుటి నుంచీ ఒకటే వాన. డెబ్బై దాటిన ఫ్రెంచి మనిషి. పొడుగ్గా, బక్కగా, తెల్లజుట్టు వెనక్కి ముడేసుకుని ఉంది. ఒక పెద్ద బొమ్మను దుప్పట్లో చుట్టి రెండు చేతులా పట్టుకుని లోపలికి వచ్చింది. తను నిలువునా తడిసిపోయింది గానీ బొమ్మ మీద చుక్క పడలేదు. దుప్పటి పైన తన రెయిన్‌కోటు కప్పింది మరి.

నా సంగతి కూడా చెప్పాలి. మాది హిందూపురం. మా ఆయనకు సెంబవాంగ్ షిప్‌యార్డులో సూపర్‌వైజర్ ఉద్యోగం వస్తే ఇక్కడికి వచ్చాం. యీషున్‌లో కాపురం. పాప బడికి పోవడం మొదలయ్యాక పగలంతా ఇంట్లో తోచేది కాదు. ఒకరోజు ఈ దుకాణం అద్దానికి ‘మనిషి కావాలి’ అని కాగితం అంటించి ఉంటే చూసి లోపలికి వెళ్ళాను. యజమాని చైనీస్ అంకుల్. నా చేతులు తిప్పి తిప్పి చూసి, “వణకవు కదా? చాలు లా, రేపు రా” అన్నాడు. మాట చివర ‘లా’ తగిలించడం ఇక్కడివాళ్ళ అలవాటు. అట్ట ఏటవాలుగా కోయడం, అద్దం మీద వేలిముద్ర పడకుండా పట్టుకోవడం అన్నీ ఆయనే నేర్పాడు.

దుప్పటి విప్పితే లోపల గుర్రం. రాగి రంగు గుర్రం ఒకటి గోడ పక్కన నిలబడి ఉంది. అంతే బొమ్మ. జీను లేదు, రౌతు లేడు. అంకుల్ కొలతలు తీసుకుంటూ, “చాలా అందంగా ఉంది మేడమ్” అన్నాడు. దుకాణానికి ఏ బొమ్మ వచ్చినా ఆయన అనే మాటే అది. నేను మాత్రం ఊరుకోలేక, వచ్చీరాని ఇంగ్లీషులో అనేశాను.

“పాపం, దీనికి ముందు ఎడమకాలు నొప్పి.”

ఆమె చటుక్కున నా వైపు తిరిగింది. “నీకు ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. చూడండి, ఆ కాలు ముందుకు చాచి వాల్చింది. బరువు దాని మీద పెట్టడం లేదు.”

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. బొమ్మ వేసి పదేళ్ళయిందట. గుర్రాలు పెంచేవాళ్ళూ కొనేవాళ్ళూ ఎంతోమంది ఇంటికొచ్చి ఆ బొమ్మను చూశారు, ఒక్కరూ ఆ మాట అనలేదట. “నువ్వు గుర్రాలతో పని చేశావా?” అని అడిగింది.

లేదని చెప్పి, అట్ట తెచ్చే నెపంతో లోపలికి వెళ్ళిపోయాను.

నిజానికి నేను గుర్రం పక్కనే పెరిగాను. మా నాన్న హిందూపురం స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. మాకో ఆడగుర్రం ఉండేది. పేరంటూ ఏమీ పెట్టలేదు, నాన్న దాన్ని ‘తల్లీ’ అని పిలిచేవాడు. పొద్దున్నే నన్ను దాని ముందు నిలబెట్టి చెప్పేవాడు: “చూడు పాపా, ఎనక కాలు వాల్చిందంటే అలుపు. ముందర కాలు చాచి వాల్చిందంటే నొప్పి. అట్లాంటప్పుడు బండి కట్టేవోడు మనిషే గాడు.” అలా వాల్చిన రోజు మాకు రాబడి ఉండదు. అయినా బండి కట్టేవాడు కాడు. ఆటోలు వచ్చాక గిరాకీ పూర్తిగా పడిపోయింది. నాకు పదేళ్ళప్పుడు గుర్రాన్ని అమ్మేశాడు. ఎవరికి అమ్మాడో అమ్మకు కూడా చెప్పలేదు. ఆ తర్వాత మార్కెట్ యార్డులో మూటలు మోసి నన్ను చదివించాడు.

ఇవన్నీ నేను ఎవరికీ చెప్పేదాన్ని కాదు. ఇక్కడ ఉగాది భోజనాలప్పుడు ఎవరైనా, “మీ నాన్నగారు ఏం చేసేవారమ్మా?” అని అడిగితే, “ట్రాన్స్‌పోర్ట్ బిజినెస్ ఆంటీ” అనేదాన్ని. మా ఆయన పక్కకు తిరిగి మంచినీళ్ళు తాగేవాడు.

పటం తీసుకుపోవడానికి వచ్చినప్పుడు మేడమ్ నాకో చిన్న కాగితం సంచి ఇచ్చింది. లోపల వెన్న బిస్కెట్లు, తను చేసినవే. “మొన్న అబద్ధం చెప్పావు. ఫరవాలేదు. నిజం చెప్పాలనిపించినప్పుడు మా ఇంటికి రా” అంది. చిరునామా అంకుల్ దగ్గర ఉంది.

మూడు వారాలు తటపటాయించి, ఒక ఆదివారం వెళ్ళాను. ఇల్లంతా గుర్రాలే. హాల్లో ఉన్నవన్నీ పందేల్లో గెలిచినవి. నిగనిగలాడే ఒళ్ళు, ఎత్తిన మెడ. లోపలి గదిలో గోడకు ఆనించినవి వేరు. ముసలివి, గాయాలకు కట్లు కట్టినవి, ఈగలు ముసిరినవి. నేను పటం కట్టిన బొమ్మ ఈ గదిలోదే. ఆ గదిలో కూర్చున్నాక నాకు తెలియకుండానే నాన్న సంగతి మొత్తం చెప్పేశాను. అయిపోయాక ఆమె టీ పోసి, తన సంగతి మొదలుపెట్టింది.

ఆమెది ఫ్రాన్సు ఉత్తరాన చిన్న ఊరు. వాళ్ళ నాన్నకు మాంసం కొట్టు ఉండేది, అదీ గుర్రపు మాంసం. ఆ రోజుల్లో అక్కడ బీదాబిక్కీ తినేది అదేనట. గనుల్లో, పొలాల్లో పనిచేసి చేసి అరిగిపోయిన గుర్రాలను ఇంటి వెనక పెరట్లో కట్టేసేవారు. ఏడేళ్ళ పిల్ల రోజూ వెళ్ళి వాటి ముందు కూర్చునేది. ఒకరోజు మాంసం చుట్టే కాగితం మీద బొగ్గుతో ఒక గుర్రాన్ని గీసింది. వాళ్ళ నాన్న చూశాడు.

“కొట్టాడా?” అని అడిగాను.

“లేదు. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి నాకే ఇచ్చేశాడు. ఆ మర్నాడు కత్తి పట్టుకుని పెరట్లోకి వచ్చి, ‘గీయడం అయిందా?’ అని అడిగాడు. కాలేదన్నాను. అక్కడే బల్ల మీద కూర్చుని సిగరెట్ ముట్టించాడు. అప్పట్నుంచీ నేను గీయడం అయ్యేదాకా ఏ గుర్రాన్నీ ముట్టుకోలేదు. ఒక్కో రోజు కొట్టు తెరవడం కూడా ఆలస్యమయ్యేది.”

పారిస్‌లో బొమ్మలు నేర్చుకోవడానికి వెళితే, ఈ కాలంలో గుర్రాలేమిటని గురువులు నవ్వారట. ఆమె పట్టు విడవలేదు. గుర్రపుశాలల వెంట తిరిగి యజమానులకు బొమ్మలు వేసి బతికింది. భర్త ఓడల ఇంజినీరు. ఆయనతోనే సింగపూర్ వచ్చింది. ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయింది. ఇక్కడి యజమానులకూ ముప్పై ఏళ్ళు బొమ్మలు వేసింది. “కాలు వంకర ఉంటే సరిచెయ్యమనేవారు, చేశాను. మచ్చ తీసెయ్యమనేవారు, తీసేశాను. ఆ డబ్బుతోనే ఇన్నేళ్ళూ తిన్నాను, వాళ్ళను తప్పు పట్టను. చూసింది చూసినట్టు వేసినవి మాత్రం ఈ గదిలో ఉంచుకున్నాను.”

ఆ మాట తర్వాత అసలు విషయం చెప్పింది. ఆమె కంటి చూపు తగ్గిపోతోంది. అంచులు కనిపిస్తాయి, నడిమధ్యలో మసక. ముఖం చూస్తే చెవులు కనిపిస్తాయట, కళ్ళు కనిపించవట. అవతల సింగపూర్‌లో గుర్రప్పందేలు ఆగిపోతున్నాయి, ఉన్న గుర్రాలను ఒక్కొక్కటిగా వేరే దేశాలకు పంపేస్తున్నారు. “అవి వెళ్ళేలోగా కొన్నిటిని ఉన్నవి ఉన్నట్టు గీయాలి. నా కంటికి అందనివి నువ్వు చెప్పు” అంది.

అలా ఆదివారాలు మొదలయ్యాయి. ఆమెకు తెలిసిన ఒక గుర్రాల శిక్షకుడు మమ్మల్ని శాల లోపలికి రానిచ్చేవాడు. గుర్రపుశాలలో మొదటిరోజు ఆ ఎండుగడ్డి వాసనకు, వెచ్చని పేడ వాసనకు నా కాళ్ళు ఆగిపోయాయి. ముప్పై ఏళ్ళ తర్వాత పుట్టింట్లో అడుగుపెట్టినట్టు అనిపించింది. మేడమ్ స్టూలు మీద కూర్చుని ఒళ్ళో అట్ట పెట్టుకునేది. నేను గుర్రం పక్కన నిలబడి చెప్పేదాన్ని.

“కింది పెదవి వేలాడుతోంది.”

“ఎంత?”

“నిద్రొచ్చిన ముసలాయన పెదవంత.”

“మంచిది. కన్ను?”

“సగం మూసింది. కానీ కుడి చెవి మన వైపే ఉంది. నిద్ర నటిస్తోంది.”

ఆమె గట్టిగా నవ్వి గీసేది. మొదట్లో నేను తప్పులు చెప్పేదాన్ని. ‘అందంగా ఉంది’ అంటే ఒప్పుకునేది కాదు. “అది మీ అంకుల్ మాట. నువ్వు చూసింది చెప్పు” అనేది. చూడటమంటే ఏమిటో నలభై దాటిన తర్వాత నేర్చుకున్నాను. ఇంటికొచ్చాక పాప ముఖం కూడా కొత్తగా చూసేదాన్ని. “అమ్మా, వై యూ స్టేర్ లైక్ దట్ లా!” అని విసుక్కునేది.

కొన్ని నెలలకు ఒకరోజు మేడమ్, “ఈ ఆదివారం ఎక్కడికీ వెళ్ళం. మీ నాన్న గుర్రాన్ని చెప్పు” అంది.

“ఫోటో లేదు మేడమ్. ఒక్కటి కూడా లేదు.”

“ఫోటో అడగలేదు.”

చెప్పాను. బూడిద రంగు, మెడ దగ్గర ముదురు. పొట్ట కొంచెం జారింది. మొదటి బొమ్మ చూసి కాదన్నాను, అది మరీ బలంగా ఉంది. రెండోది మరీ దీనంగా ఉంది. “మాది బీద గుర్రమే గానీ దీనమైంది కాదు” అన్నాను. మూడోది దాదాపు అదే, అయినా ఏదో తేడా. అదేమిటో నాకూ అంతుబట్టలేదు. మేడమ్ విసుక్కోకుండా, “మీ నాన్న దాని పక్కన ఎలా నిలబడేవాడు?” అని అడిగింది. నేను లేచి చూపించాను. ఎడమచెయ్యి జూలు కింద పెట్టి, చెంప దాని మెడకు ఆనించి. అలా నిలబడగానే గుర్తొచ్చింది. నాన్న అలా ఆనుకున్నప్పుడు అది తల కొద్దిగా ఆయన వైపు వంచేది. ఆయన బరువు తాను మోస్తున్నట్టు.

నాలుగో బొమ్మ నేరుగా దుకాణానికే తెచ్చింది. విప్పగానే నా చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది.

“రంగు ఆరలేదు! ముట్టుకోకు లా!” అని అంకుల్ అరిచాడు. అప్పటికే వేలికి బూడిద రంగు అంటింది. మేడమ్, “ఉండనీ, ఆ గుర్తు అక్కడే ఉండనీ” అంది. అందులో నాన్న లేడు. కానీ ఆ తల వంచిన తీరు చూస్తే ఆయన ఎక్కడ నిలబడ్డాడో తెలుస్తుంది. నాన్న పోయినప్పుడు టికెట్ దొరక్క ఒకరోజు ఆలస్యంగా వెళ్ళాను, ఆఖరి చూపు దక్కలేదు. బొమ్మ వచ్చిన ఆ రోజు దుకాణం వెనక గదిలో కూర్చుని తనివితీరా ఏడ్చాను. అంకుల్ తలుపు దగ్గరగా వేసి, వచ్చినవాళ్ళను తనే చూసుకున్నాడు.

చూపు తగ్గి ఒంటరిగా ఉండలేక ఫ్రాన్సు వెళ్ళిపోయే ముందు మేడమ్ ఒక కమ్యూనిటీ హాల్లో తన బొమ్మలు పెట్టింది. లోపలి గదిలోవి మాత్రమే. పటాలన్నీ నేనే కట్టాను. బొమ్మలు కొనేవాళ్ళు కొద్దిమందే వచ్చారు గానీ గుర్రాలను కడిగి మేత వేసిన మనుషులు చాలామంది వచ్చారు. ఒకాయన తమిళుడు, ఓ బొమ్మ ముందు చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఆ గుర్రం అప్పటికే వేరే దేశం వెళ్ళిపోయిందట. “దీనికి అరటిపండు తొక్కతో సహా కావాలి, అక్కడివాళ్ళకు ఆ సంగతి తెలుసో లేదో” అని తమిళం కలిసిన తెలుగులో నాతో అన్నాడు. మేడమ్‌కు ఇంగ్లీషులో చెప్పాను. ఆమె ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

మా తెలుగువాళ్ళలో ఒక ఆంటీ కూడా వచ్చింది. నాన్న గుర్రం ముందు ఆగి, “ఇదేంటమ్మా, దీని పక్కన మీ ఊరి పేరు రాశారు?” అని అడిగింది.

“మా నాన్న జట్కా తోలేవాడు ఆంటీ. ఇది మా గుర్రం.”

“ఔనా! మరి ట్రాన్స్‌పోర్ట్...”

“అదే ఆంటీ ట్రాన్స్‌పోర్ట్.”

ఆంటీ ఒక్క క్షణం నన్ను చూసి, “బాగుందమ్మా” అని పక్క బొమ్మకు వెళ్ళింది. అంతే. ఇన్నేళ్ళూ దీనికేనా భయపడ్డాను అనిపించింది. మా ఆయన ఈసారి మంచినీళ్ళు తాగలేదు. పాపను ఎత్తి పట్టుకుని, “తాతయ్య గుర్రం” అని చూపిస్తున్నాడు.

మేడమ్ ఇప్పుడు ఫ్రాన్సులో మేనకోడలి దగ్గర ఉంటోంది. చూపు ఇంకా తగ్గింది. నెలకోసారి ఫోను చేస్తాను. మొన్న మాట్లాడినప్పుడు, పొద్దున్నే కంచె దగ్గరికి వెళితే పక్కింటివాళ్ళ ముసలి గుర్రం వచ్చి తన భుజం మీద తల పెడుతోందని చెప్పింది.

“గీస్తున్నారా?”

“లేదు. చేతులు ఖాళీ లేవు, దాని నుదురు గోకాలి.”

ఆమెకు ఎప్పుడూ సరిగ్గా కృతజ్ఞత చెప్పలేదని గుర్తొచ్చి, “మేడమ్, చాలా థాంక్స్” అన్నాను. దేనికని అడిగింది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో ఆలోచించుకుని నోరు తెరిచేలోపే, “ఆగు ఆగు, అది కంచె తన్నుతోంది, క్యారెట్ ఇవ్వలేదని కోపం. వచ్చే నెల చెప్పు” అని ఫోను పెట్టేసింది.